కీచుధ్వనికి భయపడు తల్లులు

మా విజయనగరమున 1919వ సంవత్సరమున వెలసిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. అచట విద్యార్థిగా చేరగోరి వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు విని, దాసుగారు వారిని ఆచార్యులుగానే నియమింపజేసిరి. అట్టి యూరిలో నుండియు, బిడ్డ కమాను పట్టినంతనే "చెవులు చిల్లులు పడుచున్నవి, మానుము" అను తల్లులున్నారు!

వీణకు 24 మెట్లు కలవు. ఫిడేలుకు ఒక్కటియు లేదు. స్వరస్థానమును చెవియే వెదకి పట్టవలెను. వ్రేలు గోరంత జరిగినను గాంధారము చెడును. తొలినెలల కీచుధ్వని యందువలననే. పాఠశాలలో పదిమంది పిల్లలు కూడి మాయామాళవగౌళలో సరళీస్వరములు వాయించుట వినవలెను! ముందుగా అందఱును తమ తంత్రులను ఒకే శ్రుతిలో షడ్జపంచమములకు కలుపుకొందురు. పిమ్మట ఎవరి కమాను వారిదే యైనను, ప్రక్కవారి నాదమును వినని పిల్ల యిట్టే దొరకిపోవును.

మొన్న మా అమ్మాయి వాయించుచు వాయించుచు తనంత తానే ఆగి, పంచమము దిగినదని బిరడ త్రిప్పుకొనినది. నాకు ఆ భేదము తెలియనేలేదు.

"పెండ్లియైన పిదప దీనితో నేమి పని?" అని మా అత్తగారి ప్రశ్న. పని యున్నదో లేదో పిల్లయే చెప్పును. అంతవరకు ఆ కీచుధ్వని మా వసారాలో సాగవలసినదే.