నలుగురికీ పావులు, ఒక్కరికే తెర

మన వైకుంఠపాళి ఇంగ్లండు మీదుగా అమెరికా చేరేసరికి పాములు పోయి జారుడుబండలు వచ్చాయని మీకు తెలుసా? 'చూట్స్ అండ్ ల్యాడర్స్' అన్న పేరుతో 1943లో దాన్ని అమ్మింది మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ. 1860లో మొదలై, అమెరికా ఇళ్ళలో నలుగురినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టిన కంపెనీ అది.

అలాంటివాళ్ళు 1983లో 'వెక్ట్రెక్స్' అనే వీడియో గేము పెట్టెను తయారుచేసే కంపెనీని కొన్నారు. అప్పటి గేము పెట్టెలు చాలావరకు ఇంట్లో టీవీకి తగిలించుకోవలసినవే. దీనికి మాత్రం తొమ్మిది అంగుళాల సొంత తెర ఉంది. బొమ్మ నలుపు తెలుపే. రంగు కావాలంటే ఒక్కో ఆటకి ఒక్కో రంగు ప్లాస్టిక్ షీటు తెర ముందు పెట్టుకోవాలి. మొదట్లో ధర 199 డాలర్లు. ఇక టీవీ కోసం ఇంట్లో పేచీ లేదు!

నాకు పట్టుకున్నది ఇంకో సంగతి. బోర్డు ఆట పెట్టె విప్పితే నలుగురికీ పావులుంటాయి. ఈ పెట్టెలో కంట్రోలర్ ఒక్కటే. రెండోది విడిగా కొనుక్కోవాలి.

అందుకే మునిగిందని అనను. ఆ ఏడాదే అమెరికాలో వీడియో గేముల బజారంతా కుప్పకూలింది. ధర సగానికి తగ్గించినా లాభం లేకపోయింది. 1984లో వెక్ట్రెక్స్ ఆగిపోయింది, మిల్టన్ బ్రాడ్లీని హాస్‌బ్రో కొనేసింది.

పెట్టె ఓడిపోయింది గానీ ఆ ఆలోచన మాత్రం గెలిచింది. మా ఇంట్లో ఇప్పుడు నలుగురికి నాలుగు తెరలు. అత్తయ్యగారు కూడా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్లో సీరియల్ చూస్తారు. గొడవలే లేవు. ఒక్క టీవీ ఉన్న రోజుల్లో అమ్మాయి నాయనమ్మతో పోట్లాడకుండా రిమోట్ ఇచ్చేసిందంటే, స్కూల్లో ఏదో జరిగిందని నాకు తెలిసిపోయేది. ఇప్పటి నిశ్శబ్దంలో ఏమీ తెలియదు.

అందుకే ఆదివారాలు గవ్వలు తీసి అష్టాచెమ్మా గీస్తున్నాను. అత్తయ్యగారు తొండి చేస్తారు, మావారు లెక్క తప్పుతారు. మొన్న తన పావుని నాయనమ్మ చంపేస్తే అమ్మాయి ఒక్క మాటా అనలేదు. ఆట అయ్యాక వంటింట్లో మెల్లగా అడిగాను.

"ఫిజిక్సు అస్సలు అర్థం కావట్లేదమ్మా" అంది, గిన్నెలు తుడుస్తూ.