మన అక్క ఇంజన్ ఏదీ?

ఇక్కడ జపాన్‌లో మా ఆఫీసులో పక్క సీటాయన మొన్న మామూలుగా అడిగేశాడు, "మీ ఇండియా మొదటి రైలింజన్ ఏ మ్యూజియంలో ఉంది?" అని. జపాన్ వాళ్ళది ఒమియా రైల్వే మ్యూజియంలో ఉంది. కాబట్టి ఎవరిదైనా ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికే నాకు ఒళ్ళు మండింది.

వాళ్ళ ఒకటో నంబర్ ఇంజన్ను 1871లో ఇంగ్లండ్‌లోని వల్కన్ ఫౌండ్రీ తయారుచేసింది. 1872 అక్టోబర్‌లో షింబాషి-యోకొహామా లైను మొదలైంది దీంతోనూ, దీని తోటి మరో తొమ్మిదింటితోనూ. సరే, ఇప్పుడు నా గోడు వినండి. 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకు మన రైలును లాగిన ఇంజన్లూ ఆ వల్కన్ ఫౌండ్రీవే! చక్రాల వరస కూడా అదే, ముందు రెండు చిన్నవి, వెనక నాలుగు పెద్దవి. మనది పంతొమ్మిదేళ్ళు పెద్ద, అంటే అక్క. చెల్లెలికేమో 1997లో ముఖ్య సాంస్కృతిక సంపద అని సర్కారు గౌరవం. అక్కలు ఎనిమిదిమంది వచ్చారు, ఒక్కతె కూడా మిగల్లేదు.

పోనీ వీళ్ళు తమ ఇంజన్ను మొదట్నుంచీ నెత్తిన పెట్టుకున్నారా? అదీ లేదు. పాతదైపోయిందని 1911లో క్యూషూలోని షిమబారా అనే చిన్న ప్రైవేటు రైల్వేకి అమ్మేశారు. తర్వాత బుద్ధి వచ్చి, 1930లో ఇంకో ఇంజన్ ఇచ్చి దీన్ని తెచ్చుకున్నారు. సాగనంపేటప్పుడు షిమబారా అధ్యక్షుడు దాని పక్కన ఒక పలక కొట్టించాడు, ఎడబాటు బాధ ఇంతా అంతా కాదని. పలక ఇప్పటికీ ఉంది. ఇనుముకు వీడ్కోలా! ఇక్కడ నాకు నోరు పెగలదు.

అయినా ఊరుకుంటానా? మన ఫెయిరీ క్వీన్ 1855ది, 1997లో మళ్ళీ పట్టాలెక్కి టూరిస్టుల్ని ఢిల్లీ నుంచి అల్వార్‌కి లాగింది. వీళ్ళది పొగ లేకుండా బొమ్మలా నిలబడింది. వీళ్ళ పాత షింబాషి స్టేషన్ 1923 భూకంపంలో తగలబడిపోయింది, ఇప్పుడున్నది 2003లో కట్టిన నకలు. మద్రాసులో మన రాయపురం స్టేషన్ 1856 నుంచి నిలబడే ఉంది. ఇవన్నీ ఏకరువు పెడితే ఆయన ఓపిగ్గా విని, "అయితే ఆ మొదటిది?" అన్నాడు.

ఏం చెప్పను? అసలు మా ఊరు కోటకు రైలే లేదు. రైలు చూడాలంటే బస్సెక్కి గూడూరు పోవాల్సిందే. మద్రాసు బండి కిటికీలోంచి తల బయటపెడితే కంట్లో బొగ్గు నలుసు పడేది. అమ్మ తిడతానే పైటకొంగు ఉండచుట్టి, నోటి ఆవిరి పట్టి, కంటికి ఒత్తేది. మద్రాసులో దిగేసరికి తెల్ల చొక్కా కాస్తా బూడిదరంగు. ఇక్కడి బుల్లెట్ రైలు షింకన్‌సెన్‌లో కిటికీలే తెరుచుకోవు. ఆ మాటంటే మా పిల్లలు, "ఎందుకు తెరవాలి నాన్నా?" అంటారు.