బక్రీదులో ఇరుగుపొరుగు వాటా

వదినగారూ, బట్టలు ఆరేయడం అయిందా? అయితే ఒక్కసారి ఇటు గోడ దగ్గరికి రండి. నిన్న మీ చిన్నమ్మాయి నన్ను అడుగుతోంది, "ఎదురింటి ఆపా వాళ్ళు పొట్టేలును తెచ్చారు కదా అత్తా, పెంచుకోవడానికా?" అని. మీరు ఈ కాలనీకి కొత్త, మీకూ ఆ సందేహం వచ్చే ఉంటుంది. రాబోయేది బక్రీదండీ. ఇన్నేళ్ళుగా ఆపా నోట విన్నదీ, ఈ వీధిలో కళ్ళారా చూసిందీ చెబుతాను, వినండి.

ముందు తేదీ సంగతి. 2024లో ఈ పండగ జూన్ 17న వచ్చింది, 2025లో జూన్ 7నే వచ్చేసింది. వాళ్ళదీ చంద్రుణ్ణి బట్టి నడిచే లెక్కే, ఏడాదికి 354 రోజులు. మన పంచాంగంలో అధికమాసం వేసి సరిచేసుకుంటాం, వాళ్ళు వేయరు. అందుకే పండగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఎండాకాలం, చలికాలం, వానాకాలం అన్నీ చుట్టి వస్తుంది. జిల్‌హజ్ నెల పదో రోజు బక్రీదు. ఆ నెలవంక కనబడింది మొదలు, ఖుర్బానీ, అంటే బలి, ఇవ్వదలచుకున్నవాళ్ళు చాలామంది గోళ్ళు తీయించుకోరు, జుట్టు కత్తిరించుకోరు. తొమ్మిదోనాడు ఆపా ఉపవాసం ఉంటుంది. అక్కడి నెలవంక లెక్కన తొమ్మిదోనాడే మక్కా దగ్గర అరఫాత్ మైదానంలో హజ్ యాత్రకు వెళ్ళిన హాజీలంతా చేరి దువా చేసుకుంటారు. మన నాంపల్లి హజ్ హౌస్ నుంచి బయల్దేరినవాళ్ళూ ఆ జనంలో ఉంటారు.

ఈ పండగ వెనక కథ మీకు తెలియనిదేం కాదు. బైబిల్లో అబ్రాహాము అంటారే, ఆయన్నే వీళ్ళు ఇబ్రాహీం ప్రవక్త అంటారు. ముసలితనంలో కలిగిన కొడుకు ఇస్మాయిల్. ఆ కొడుకును బలి ఇస్తున్నట్టు ఆయనకు కల వచ్చింది. అది దేవుడి ఆజ్ఞేనని నమ్మాడు. అయినా బిడ్డ దగ్గర దాచలేదు, నువ్వేమంటావని అడిగాడు. ఆజ్ఞ ప్రకారమే చేయమని, తాను ఓర్చుకుంటానని ఆ పిల్లవాడు ధైర్యం చెప్పాడు. కత్తి పెట్టే వేళకు దేవుడు ఆపి, బిడ్డకు బదులు పొట్టేలును ఇచ్చాడు.

ఆపా ఈ కథ చెబుతూ తల్లి హాజిరా దగ్గర కాసేపు ఆగుతుంది. కొడుకు పసికందుగా ఉన్నప్పుడు, చుక్క నీరు లేని ఎడారిలో, బిడ్డ దాహం చూడలేక సఫా, మర్వా గుట్టల మధ్య ఏడుసార్లు పరుగెత్తిందట ఆ తల్లి. అప్పుడు ఉబికిన ఊటే జంజం. ఇవాళ్టికీ హజ్‌కు వెళ్ళినవాళ్ళు రాజైనా కూలీ అయినా ఆ రెండు గుట్టల మధ్య ఏడుసార్లు తిరగాల్సిందే. మధ్యలో పచ్చదీపాలు పెట్టిన చోట మగవాళ్ళు పరుగు తీస్తారు. ఒక తల్లి పడ్డ ఆదుర్దాను లోకమంతా వచ్చి తన కాళ్ళతో నడిచి తెలుసుకుంటుందంటే, వదినగారూ, అంతకంటే గొప్ప గౌరవం ఏముంటుంది?

ఇక పొట్టేలు సంగతి. పండగ దగ్గర పడుతోందంటే పాలమూరు, నల్గొండ వైపు నుంచి గొల్లకురుమలు జీవాలను పట్నం తెస్తారు. జియాగూడలో, చంచల్‌గూడలో, మెహిదీపట్నంలో రోడ్ల పక్కన బేరాలే బేరాలు. ఏడాదంతా మేపిన కష్టానికి వాళ్ళు నాలుగు డబ్బులు కళ్ళజూసేది ఆ రోజుల్లోనే. మన ఎదురింటి భాయ్‌సాబ్ పొట్టేలు పెదవి ఎత్తి పళ్ళు చూస్తారు. పాలపళ్ళు ఊడి ముందు రెండు పెద్దపళ్ళు వచ్చాయంటే ఏడాది నిండినట్టు. ఆ తర్వాత నాలుగడుగులు నడిపించి కుంటుతోందేమో చూస్తారు, చెవులు తడిమి చూస్తారు, కళ్ళు చూస్తారు. గుడ్డిది, జబ్బుది, బక్కచిక్కింది ఖుర్బానీకి పనికిరాదు. దేవుడి పేర ఇచ్చేది మనకున్నవాటిలో మేలైనదై ఉండాలి.

తెచ్చాక జామచెట్టుకు కట్టేస్తారు. పిల్లలు రొట్ట తెచ్చి పెడతారు, నానబెట్టిన శనగలు అరచేతిలో పెట్టి తినిపిస్తారు. పోయినసారి ఆపా మనవడు దాని మెడ పట్టుకుని వదల్లేదు, ఒకటే ఏడుపు. ఆపా వాణ్ణి కసరలేదు. మమకారం లేనిదాన్ని ఇస్తే అది త్యాగం ఎలా అవుతుందని దగ్గరికి తీసుకుంది.

పండగనాడు పొద్దున్నే స్నానాలు, మంచి బట్టలు, అత్తరు. రంజాను నాడు తీపి నోట్లో వేసుకుని నమాజుకు వెళ్తారు, బక్రీదుకు మాత్రం ఏమీ తినకుండా వెళ్తారు. మీర్ ఆలం ఈద్గా దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. ఒక దారిన వెళ్ళి మరో దారిన తిరిగొస్తారు. నమాజుకు ముందు కోస్తే అది ఖుర్బానీ లెక్కలోకి రాదు. కోసేందుకూ పద్ధతులున్నాయి. కత్తి బాగా పదునుండాలి, జీవం చూస్తుండగా నూరకూడదు, ఒకదాని కళ్ళెదుట మరోదాన్ని కోయకూడదు, ముందు నీళ్ళు తాగించాలి.

ఆ తర్వాత జరిగే పని చూడండి, అసలు పండగ అక్కడుంది. వరండాలో పట్టా పరిచి మూడు పెద్ద బేసిన్లు పెడతారు, పక్కన తక్కెడ. ఒక వాటా ఇంటికి, ఒకటి చుట్టాలకు, స్నేహితులకు, ఇరుగుపొరుగుకు, ఒకటి పేదలకు. తొడ ముక్క, పక్కటెముక, మెత్తటి ముక్క అన్నీ మూడింట్లోకీ సమానంగా పడాలి. పేదల బేసిన్‌లో బొక్కలు ఎక్కువయ్యాయంటే ఆపా ఒప్పుకోదు. ఇంటి వాటాలోంచి మంచి ముక్కలు తీసి అందులో వేసి మళ్ళీ తూకం వేయిస్తుంది. కోసినతనికి కూలీ విడిగా డబ్బే ఇవ్వాలి, మాంసమో తోలో ఇచ్చి కూలీ కింద కొట్టేయకూడదు. తోలు మదర్సాకు పంపుతారు. ఆ రక్తమూ మాంసమూ దేవుణ్ణి చేరవు, మనసులోని భక్తే చేరుతుందని ఖురానులోనే ఉంది.

ఖుర్బానీ ఇచ్చేందుకు మూడు రోజుల గడువుంటుంది. ముందుగా వండేది కలేజీ, ఆ తర్వాత పాయా, దాల్చా, కబాబులు. మిగిలిన ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి, దారానికి గుచ్చి, పల్చటి గుడ్డ కప్పి డాబా మీద ఎండబెడతారు. మన తెలంగాణలో ఒట్టి తునకలంటారే, అవే. అయితే ఆపా వాళ్ళ పొయ్యి కంటే పేదల ఇళ్ళలో పొయ్యి నాకు ముఖ్యం. రేటు చూసి మాంసం దుకాణం దాటి వెళ్ళిపోయే ఇళ్ళు ఎన్ని లేవు? ఆ మూడు రోజులూ అక్కడా కూర ఉడుకుతుంది. ఎవరి ముందూ చేయి చాచకుండా, వాటాగా, ఇంటికే వస్తుంది. అందుకే బక్రీదు అంటే కత్తి గుర్తొచ్చేవాళ్ళతో నేను చెబుతుంటాను, ఆ తక్కెడను చూడండని.

మీరు మాంసం ముట్టరని తెలుసు. ఆపాకు ముందే ఒక మాట చెప్పండి, ఏమీ అనుకోదు. మనలాంటివాళ్ళకని వేరే గిన్నెలో సేమ్యాయో, ఖుబానీ కా మీఠాయో చేయిస్తుంది. పండగనాడు మధ్యాహ్నం పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళండి. పెద్దవాళ్ళకు ఈద్ ముబారక్ చెప్పండి, పది నిమిషాలు కూర్చోండి. ఇరుగుపొరుగుకని తూచి మరీ తీసిపెట్టే పండగ వదినగారూ అది. మనం గడప దాటకపోతే ఆ వాటా ఎవరికిస్తారు? తప్పకుండా వెళ్ళండి.