రాతిబల్ల నుంచి బీల దాకా

మా రాజాం వాళ్ళకు పాతకాలమంటే 1757. బొబ్బిలి యుద్ధం, తాండ్ర పాపారాయుడు! అంతకు వెనక్కి మా కబుర్లు సాధారణంగా పోవు. పెళ్ళిపందిట్లో కూర్చున్నా, రచ్చబండ మీద కూర్చున్నా చరిత్ర అక్కడే మొదలవుతుంది. కాని బొబ్బిలి కోట కూలేనాటికే ఎన్నో శతాబ్దాల ముసలిదైపోయిన కట్టడమొకటి మాకు బస్సు దూరంలోనే ఉన్నది. అది ఆమదాలవలస దగ్గరి దన్నానపేటలోని రాతిబల్ల. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి పోయినది గాని, ఆ రాయి కదలకుండా శ్రీకాకుళంలోనే ఉండిపోయినది. అది కదలకపోవడంలో వింతేమీ లేదని మీరే ఒప్పుకుంటారు.

పొద్దున్నే రాజాంలో బయలుదేరి, సన్నఖద్దరుకు పేరుపడ్డ పొందూరు మీదుగా ఆమదాలవలస చేరవచ్చు. అక్కడినుంచి దన్నానపేటకు నడిచిపోతేనే అందం. దారిపొడుగునా తాటిచెట్లు, చేలగట్లు, అక్కడక్కడ తుప్పలు. చివరకు నిలువురాళ్ళ మీద పరచిన ఒకే ఒక పెద్ద బల్ల కనిపిస్తుంది. సుమారు 36 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, 2 అడుగుల మందం. మామూలు ఇంట్లో వీధిగది, నడవ, వంటిల్లు కలిపి దాని కింద పెట్టినంత!

ఇలాంటి కట్టడాలను పండితులు బృహచ్ఛిలా సమాధులంటారు. తెలుగుదేశంలో మనవాళ్ళు చాలాచోట్ల రాక్షసగుళ్ళనీ, పాండవుల గుళ్ళనీ అంటారు. మనిషి ఎత్తలేని రాయిని రాక్షసుడో భీముడో ఎత్తి ఉండాలని వారి తర్కం. నిజానికి ఇవి ఇనుము వాడకం నేర్చిన మనుషులు తమవారి కోసం కట్టుకున్నవి. క్రీస్తుకు పూర్వం వెయ్యేళ్ళ కాలంలో దక్షిణ భారతమంతటా ఈ ఆచారం ప్రబలంగా ఉండేది. ఇటువంటి సమాధులు తవ్వినచోట్ల నలుపు ఎరుపు రంగుల కుండలు, ఇనుప పనిముట్లు దొరుకుతూ వచ్చినాయి.

నాతో వచ్చిన మా తమ్ముడి కొడుకు రాయి చుట్టూ రెండుసార్లు తిరిగి, "పెదనాన్నా, క్రేను లేకుండా దీన్నెలా ఎత్తేరు?" అన్నాడు. ఇద్దరం లెక్క వేసినాము. ఘనపుటడుగు రాయి 75 కిలోలనుకుంటే మొత్తం 75 టన్నులు. అంచులు గీత గీసినట్టుండవు కనుక కొంత తీసివేసినా, రెండెడ్ల బండ్లు ఏ అరవయ్యో కట్టవలసిన బరువు. మట్టిని ఏటవాలుగా పోసి, దుంగల మీద దొర్లించి, మోకులతో లాగి ఉంటారని ఊహిస్తారు. ఒక్క ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదు. ఊళ్ళకు ఊళ్ళే కలిసి రావాలి. చచ్చిపోయిన మనిషి కోసం బతికున్నవాళ్ళు అంతమంది ఒక్కటైనారంటే, ఆ రాయికన్న ఆ కలయిక గొప్పదనిపిస్తుంది.

మరొక సంగతి. ఆ కాలపువాళ్ళు తరచుగా సాగుకు లొంగని మెరకనూ, రాతినేలనూ సమాధులకు ఎంచుకున్నారు. మంచి నేల బతికున్నవాళ్ళ తిండికి, మిగిలినది పెద్దల జ్ఞాపకానికి. పంట పండదు గనుక పనికిరాదని వాళ్ళు ఏ నేలనూ తోసెయ్యలేదన్నమాట.

ఐర్లండు దేశంలో ఇటువంటి రాళ్ళనూ, ఊబినేలలనూ కలుపుతూ అడవిదారులున్నాయి. అక్కడి మేయో ప్రాంతంలో 1930 ప్రాంతాల ఒక బడిపంతులు పొయ్యిలోకి పీట్ అనే నల్లని నాచుమట్టిని తవ్వుతూండగా అడుగున రాళ్ళ వరసలు బయటపడినాయి. తరువాత చూస్తే అవి నవీన శిలాయుగం నాటి పొలాల గోడలు! ఊబినేల వాటిని కప్పి కాపాడింది. మన ఎండలకు మన బురదనేలల్లో అటువంటి మట్టి సాధారణంగా అంతగా పేరుకోదు. మరి మన బురదనేల ఏం కాపాడుతుంది? అది చూడాలంటే శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో రైలెక్కి ఉత్తరానికి పోవాలి.

నౌపడా దగ్గర దిగితే తేలినీలాపురం ఉన్నది. శీతాకాలంలో గూడబాతులూ, రంగురెక్కల కొంగలూ ఇళ్ళ నడుమనున్న చింతచెట్ల మీద కాపురముంటాయి. పక్షులొస్తే ఊరికి మంచిదని అక్కడి ఇల్లాళ్ళ నమ్మకం. వాటికి మేత దొరికేది చుట్టుపట్ల తంపరల్లో. తంపర అంటే లోతులేని నీరు నిలిచే పల్లపు నేల.

ఇంకా పైకి, పలాస దాటితే ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు అడవిలా కలిసిపోయిన నేల. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తోటలను నేలకూల్చింది. అప్పటి దెబ్బ ఎంతటిదో ఇక్కడి రైతును అడిగితే చెబుతాడు. తోటల నీడన నడిచి సోంపేట వైపు పోతే బీల కనిపిస్తుంది. మహేంద్రగిరి వైపు నుంచి దిగివచ్చే వాననీరు సముద్రంలో పడేముందు ఇక్కడ పరుచుకుని, నిదానంగా నేలలోకి ఇంకుతుంది. పైన చేపలు, పశువులకు గడ్డి. కింద ఊళ్ళ నూతులకు ఊట.

గట్టు మీద ఒక పెద్దాయన కనిపిస్తే, "బీలలో ఏమి పండుతుంది తాతా?" అని అడిగినాను.

"ఏటి పండుతాదని అడుగుతారేటి మాస్టారూ? బీల తడారిపోతే మా నూతులెండిపోతాయి. నూతులెండితే కొబ్బరిచెట్టు ఎండిపోతాది. చెట్టెండిపోయాక మేమెక్కడుంటాం?" అన్నాడు.

అప్పట్లో కాగితాల మీద మాత్రం ఇది పనికిరాని భూమి. ఆ మాట మీదనే ఇక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం పెట్టడానికి పూనుకున్నారు. రైతులూ మత్స్యకారులూ ఆడా మగా అడ్డుపడినారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయినాయి. సరిగ్గా ఆ రోజే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీళ్ళ ప్రాధికార సంస్థ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసినది. కొద్ది గంటల ముందు ఆ తీర్పు వచ్చి ఉంటే ఎంత బాగుండేది! కేంద్రం రాలేదు, బీల మిగిలింది. పోయినవారికి దన్నానపేటలోలాగ పెద్దబల్ల ఎవరూ ఎత్తలేదు. ఆ నీరే వారి గుర్తు.

వెళ్ళదలచినవారు కార్తీకం నుంచి మాఘం లోపల వెళ్ళడం మంచిది. రెండు రోజులు చేతిలో ఉంచుకోండి. పులిహోర పొట్లం, మంచినీళ్ళు, పాత చెప్పులు చాలు. రాతి మీద పేర్లు చెక్కవద్దని పిల్లలకు ముందే చెప్పండి. బీల గట్టు మీద కాసేపు ఊరికే నిలబడండి. కింద ఇంకుతున్న నీటికి చప్పుడు ఉండదు గాని, సాయంత్రం ఏ ఇంట్లోనో నూతిగిలక కిర్రుమనడం తప్పక వినిపిస్తుంది.