పది సెకన్ల నీలితెర

లినక్సు నడిచే కంప్యూటరులో గ్రాఫిక్స్ కార్డు బిగించి, డ్రైవరు ఎక్కించి, అయినా బొమ్మ నత్తనడకే నడుస్తూవుంటే, చూడవచ్చినవాళ్లంతా ఒక్కటే మాట అంటారు: "కార్డు చచ్చింది, తిరిగిచ్చెయ్యి!" పాపం, అది చేసిన నేరమేమిటో విచారించేవాడుండడు.

మా మేనల్లుడికీ ఈ సలహాయే దొరికింది. బొమ్మలు కదిలించే విద్య నేర్చుకోవాలని వాడి ఆశ. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో సెకండ్‌హాండు కార్డు కొన్నాడు. వారంలోగా తిరిగిస్తే నాలుగోవంతు కోసుకుని మిగతాది ఇస్తానన్నాడట దుకాణదారు. అందులో అయిదురోజులు డ్రైవరు తియ్యడంతో, మళ్లీ వెయ్యడంతో గడిచిపోయాయి.

"ఏమంటోందిరా నీ కంప్యూటరు?" అన్నాను.

"ఏమీ అనదు మావయ్యా. అదే బాధ."

అడిగితే ఎందుకనదు? 'ఎల్‌ఎస్‌పీసీఐ' అని కొట్టించాను. కార్డు నిక్షేపంలా కనిపించింది. దాన్ని నడిపే డ్రైవరు పేరుండవలసిన చోటు మాత్రం ఖాళీ. సరే, 'మోడ్‌ప్రోబ్' ఆజ్ఞతో డ్రైవరును మనమే లోపలికి తోసి చూద్దామన్నాను. నీ కీ చెల్లదు పొమ్మని ఇంగ్లీషులో జవాబొచ్చింది.

ఇదంతా సెక్యూర్ బూట్ అనే కావలివాడి పని. 2012లో విండోస్ 8తోపాటు కొత్త యంత్రాలలో వ్యాపించిన కట్టుబాటు ఇది. తనకు తెలిసిన ముద్ర లేనిదాన్ని యంత్రం లేచేటప్పుడు లోపలికి రానివ్వదు. కెర్నెలుతో కలిసివచ్చే డ్రైవర్లకు ముద్ర ముందే పడివుంటుంది. కొన్ని కార్డుల డ్రైవర్లు విడిగా వచ్చి, డీకేఎంఎస్ అనే ఏర్పాటు ద్వారా మన యింట్లోనే తయారవుతాయి. ముద్రా మన యింటిదే. ఆ ముద్ర మనదేనని కావలివాడికి ఎవరో ఒకరు చెప్పాలిగదా!

అందుకే ఉబుంటు డ్రైవరు ఎక్కించేటప్పుడు ఒక పాస్‌వర్డు పెట్టుకోమంటుంది. యంత్రం తిరిగి లేచేటప్పుడు నీలితెర ఒకటి వస్తుంది. పది సెకన్లలో ఏదో ఒక మీట నొక్కామా, సరి. లేదా, తనదారిన తాను పోతుంది. అర్జీ మళ్లీ మొదటినుంచీ పెట్టుకోవలసిందే. పది సెకన్లు! మావాడు రీస్టార్టు చేసి, అది లేచేలోగా కాఫీకని వంటింట్లోకి పోయేవాడట.

సెక్యూర్ బూట్ తీసిపారెయ్యమనేవాళ్లూ లేకపోలేదు. పని జరిగే మాట నిజమే. కాని బ్యాంకు లెక్కలన్నీ చూసుకునే యంత్రానికి కావలివాణ్ణి మానిపించడం నాకు సుతరామూ ఇష్టంలేదు. 'మోక్‌యుటిల్'తో మళ్లీ అర్జీ పెట్టించి, వాణ్ణి కుర్చీలోంచి కదలనివ్వలేదు. నీలితెర రాగానే మీట నొక్కి, 'ఎన్‌రోల్ మోక్' ఎంచుకుని, పాస్‌వర్డు కొట్టాడు. యంత్రం లేచేసరికి డ్రైవరు పేరు తన చోట కూర్చునివుంది! ఇకమీద కెర్నెలు మారినప్పుడల్లా డీకేఎంఎస్ కొత్త డ్రైవరు కట్టి అదే ముద్ర వేస్తుంది గనుక నీలితెర జోలి వుండదు.

ఆ పాస్‌వర్డుకూ ఆ పూటతోనే పని తీరింది. అయినా మా అక్కయ్య దాన్ని పాలపద్దు పుస్తకం అట్టమీద రాసి దాచింది.