ఓమ్ నియమం ఇంగ్లిషులోకి వచ్చిన దారి

మీలో ఇంజినీరింగ్ చదివినవాళ్లంతా ఓమ్ నియమం ల్యాబ్‌లో చేసే ఉంటారు. ఓల్టేజి పెంచడం, రీడింగ్ రాయడం, గ్రాఫ్ గీసి సార్ చేత సంతకం పెట్టించుకోవడం. నేనూ అంతే. అది ఇంగ్లిషులోకి ఎలా వచ్చిందో మొన్న సైన్స్ అండ్ టెక్నాలజీ నోట్సు రాసుకుంటుంటే గానీ నాకు తెలియలేదు.

ఓమ్ తన పుస్తకాన్ని 1827లో జర్మన్‌లో వేశాడు. లండన్‌లో ప్రింటింగ్ ప్రెస్ నడిపే రిచర్డ్ టేలర్ 1837 నుంచి 'సైంటిఫిక్ మెమాయిర్స్' పేరుతో విదేశీ పత్రాలను అనువదింపజేసి సంపుటాలుగా తెచ్చేవాడు. ఓమ్ పుస్తకానికి విలియం ఫ్రాన్సిస్ చేసిన అనువాదం 1841 నాటి రెండో సంపుటంలో ఉంది. అంటే పద్నాలుగేళ్ల తర్వాత! అదే ఏడాది రాయల్ సొసైటీ ఓమ్‌కి కోప్లీ మెడల్ ఇచ్చింది. (అనువాదం వల్లే మెడల్ వచ్చిందని మెయిన్స్‌లో రాసేయకండి. ఏడాది ఒకటే కావడం కారణం కాదు.)

నన్ను కూర్చోబెట్టింది మాత్రం 1843లో వచ్చిన మూడో సంపుటం. బాబేజ్ ఊహించిన అనలిటికల్ ఇంజిన్ గురించి ఇటలీకి చెందిన మెనాబ్రియా ఫ్రెంచిలో రాసిన వ్యాసాన్ని ఎడా లవ్‌లేస్ అనువదించింది. అక్కడితో ఆగలేదు. కింద ఏ నుంచి జీ దాకా ఏడు నోట్సు చేర్చింది. అసలు వ్యాసం కంటే అవే దాదాపు మూడు రెట్లు. బెర్నౌలీ సంఖ్యలను ఆ యంత్రం ఏ వరుసలో లెక్కించాలో చూపిన పట్టిక చివరి నోట్‌లోదే. కింద పేరు కూడా లేదు, ఏ.ఏ.ఎల్. అన్న పొడి అక్షరాలే.

ఇది మీకెందుకు చెబుతున్నానంటే, నేను ఈసారి మెయిన్స్ తెలుగులో రాద్దామనుకుంటున్నాను. ప్రశ్నపత్రం ఇంగ్లిషు, హిందీల్లోనే వస్తుంది, మెటీరియల్ అంతంతమాత్రం. ఇంట్లో "ఎందుకురా రిస్కు" అంటున్నారు. నాలుగు నెలలుగా ఆర్థిక సర్వే అనువదించుకుంటున్నాను. ఫిస్కల్ కన్సాలిడేషన్‌కి 'ద్రవ్య స్థిరీకరణ' అని రాసి పేజీ తిప్పేశాను. రూమ్మేట్ చదివి, "అంటే ఏంట్రా?" అన్నాడు. చెప్పలేకపోయాను. ఇంగ్లిషులో కూడా నాకు తెలియదని అప్పుడర్థమైంది.

ఆ పేజీ మళ్లీ తీశాను. ప్రభుత్వం తన ఆదాయానికీ ఖర్చుకీ మధ్య తేడాను, దానికోసం చేసే అప్పునూ ఏడాదికేడాది ఎలా తగ్గించుకుంటుందో నా మాటల్లో కింద రాశాను. అనువాదం ఆరు లైన్లు, వివరణ పందొమ్మిది. రాత్రి ఒంటిగంటయింది. రూమ్మేట్‌ని లేపి చదివించాను. తిట్టుకుంటూనే చదివి, రెండుచోట్ల పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెట్టి పడుకున్నాడు.