గుత్తి ఇంజను

మా నాన్న అనంతపురం జిల్లా గుత్తి డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన చేతుల మీదుగా నడిచిన డబ్ల్యుడిఎం-2ను 1:87 కొలతలో చేయాలని, అమెరికా ఆల్కో వారి ఆర్‌ఎస్‌డి-12 పాత బొమ్మ ఒకటి తెప్పించుకున్నాను. రెండూ ఒకే ఇంటి బిడ్డలు. 1962లో తొలి డబ్ల్యుడిఎం-2లు ఆల్కో నుంచే వచ్చాయి. 1964 నుంచి వారణాసిలో తయారయ్యాయి. ఇరుసుల ఎడం సమంగా ఉండని మూడిరుసుల బోగీలు రెండింటికీ ఉన్నాయి గనుక సగం పని తప్పింది. ముందూ వెనుకా బఫర్లు అతికించాను (అమెరికా ఇంజన్లకు అవి ఉండవు), కేబిన్ కోసి మళ్ళీ కట్టాను, పక్కన తెలుగులో 'గుత్తి' అని రాశాను. ఆ రెండక్షరాలకే రెండు ఆదివారాలు పట్టాయంటే నవ్వకండి.

నాన్న కళ్ళద్దాలు తుడుచుకుని చూశారు. "ఇంత తళతళలాడేది మా షెడ్డుదెట్లయితాదిరా?" అన్నారు. నిజమే, వాన మొహం వాచిన ఈ సీమలో ఇంజనుకు నూనె జిడ్డూ, దానిమీద ఎర్రదుమ్మూ లేకుంటే ఎలా? పెరటి మట్టినే జల్లించి అద్దాను.

తరువాత పట్టాల నడుమ వేలు పెట్టి, "ఇరుకుగా ఉందే" అన్నారు. బొమ్మ పట్టాల ఎడం 16.5 మిల్లీమీటర్లు, అది 1435 మిల్లీమీటర్ల అమెరికా దారికి సరి. మన 1676కు 19.26 కావాలి. చక్రాలు జరిపితే మోటారుతో లంకె తెగుతుంది. కొన్న పట్టాల మీద అది ఇక నడవదు. చాలామంది ఇక్కడ రాజీపడతారు. నేను జరిపాను. నా చేత్తో వేసిన జానెడు పట్టాల మీద, నాన్న మంచం పక్కన, అది కదలకుండా నిలబడి ఉంది.